ఆటోనగర్ కుర్రాడు పనివాడా, అప్రెంటిసా?

విజయవాడ ఆటోనగర్‌లో మళ్ళీ అదే గొడవ. ‘పని నేర్చుకునే కుర్రాళ్ళు కావలెను’ అని షెడ్డు బయట బోర్డు కట్టినా ఎవరూ రావడం లేదని ఓనర్లు అంటున్నారు. వచ్చినవాడికి చార్జీలకు కూడా చాలని డబ్బులు చేతిలో పెడుతున్నారని కుర్రాళ్ళ అమ్మానాన్నలు అంటున్నారు. ఇలా పని నేర్చుకునేవాళ్ళకు, అంటే అప్రెంటిస్‌లకు, 1961 నాటి చట్టం ఒకటి ఉంది, అది ఎలా వచ్చిందో ఆ జోలికి పోను. నా లెక్కలో అసలు మలుపు 2019.

ఆ ఏడాది మారిన రూల్స్ ప్రకారం 30 మంది, ఆపైన పనిచేసే చోట అప్రెంటిస్‌లను తీసుకుని తీరాలి. 4 నుంచి 29 మంది ఉంటే ఓనర్ ఇష్టం. నలుగురు కూడా లేకపోతే ఇక అందులో చోటే లేదు. ఇప్పుడు ఆటోనగర్‌లో ఏదో ఒక రోడ్డులోకి వెళ్ళి చూడండి, లేత్ దగ్గర ఒక మేస్త్రి, ఒక హెల్పరు, గేర్‌బాక్స్ విప్పుతూ ఓనరే కింద కూర్చుని ఉండే షెడ్లు ఎన్ని! పని నిజంగా చేతికొచ్చేది అక్కడే, చట్టం ఆగిపోయిందీ ఆ గుమ్మం దగ్గరే.

అంతకుముందు 2016లో కేంద్రం స్టైపెండులో, అంటే శిక్షణ కాలంలో అప్రెంటిస్‌కు నెలనెలా ఇచ్చే డబ్బులో, 25 శాతం, నెలకు 1500 రూపాయలు మించకుండా తానే భరిస్తానంది. 2019 రూల్స్ కనీస స్టైపెండును చదువును బట్టి నెలకు 5000 నుంచి 9000 రూపాయల దాకా పెట్టాయి. ఈ రెండూ చిన్న షెడ్డు కుర్రాడికి అందలేదు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే ఒప్పందం రాసుకుని శిక్షణ పొందేవాడు. అతన్ని ట్రైనీగా చూస్తారు, మామూలు కార్మిక చట్టాలు వర్తించవు, కానీ పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సింది యజమానే. ఒప్పందమే లేని కుర్రాణ్ణి ‘నేర్చుకుంటున్నాడు కదా’ అని జీతం ఎగ్గొట్టడానికి మాత్రం అప్రెంటిస్ అంటారు, వేలు తెగిన రోజున ఆ మాట ఎవరూ ఎత్తరు. కాగితం లేకపోతే అతను పనివాడే, పనివాడి జీతమే ఇవ్వాలి. ఆ అమ్మానాన్నలు అడుగుతున్నది ఇదే, నాకు అందులో తప్పేమీ కనిపించడం లేదు.

ఓనర్ల బాధా ఉంది. ఏడాది నేర్పితే పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిచ్చి లాక్కుపోతాడు, నిజమే. కానీ దానికీ చట్టంలో దారి ఉంది, కుర్రాడి తప్పు వల్ల ఒప్పందం రద్దయితే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి, యజమాని తప్పు వల్ల రద్దయితే కుర్రాడికి పరిహారం ఇవ్వాలి. ఇద్దరినీ కాపాడే ఆ కాగితం, నలుగురు లేని షెడ్డులో రాసుకునే వీలే లేదు.