చూపు తిప్పుకుంటే అబద్ధమేనా? బాడీ లాంగ్వేజ్: అపోహలు - వాస్తవాలు

ఇంటర్వ్యూలకు, ప్రజెంటేషన్లకు మనుషుల్ని సిద్ధం చేయడం నా వృత్తి. ఇంటర్వ్యూ చేసేవాళ్ళకూ శిక్షణ ఇస్తుంటాను. రెండు వైపులా కనిపించే నమ్మకం ఒకటే: ఎదుటి మనిషి కళ్ళు, చేతులు, కూర్చున్న తీరు చూసి మనసులో ఏముందో చెప్పేయొచ్చని. ఈ నమ్మకం వల్ల పని బాగా తెలిసినవాళ్ళు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు కూడా ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

అపోహ: అబద్ధం చెప్పేవాళ్ళు కళ్ళలోకి చూడలేరు

అబద్ధాన్ని ఎలా పసిగడతారని 58 దేశాల ప్రజలను అడిగిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు "చూపు తప్పిస్తారు" అనే. నమ్మకం ఇంత విస్తారంగా ఉన్నా దానికి ఆధారం మాత్రం దొరకలేదు. 2003లో బెల్లా డిపాలో బృందం అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నిటినీ పోగుచేసి, అబద్ధానికి గుర్తులుగా చెప్పుకునే 158 సంకేతాలను పరిశీలించింది. కళ్ళలోకి చూడడానికీ అబద్ధానికీ చెప్పుకోదగ్గ సంబంధమేమీ తేలలేదు. ఆమే చార్లెస్ బాండ్‌తో కలిసి 2006లో చేసిన విశ్లేషణ ప్రకారం, ఏది నిజమో ఏది అబద్ధమో మనుషులు సరిగ్గా చెప్పగలిగింది సగటున 54 శాతం సార్లే. కళ్ళు మూసుకుని ఏదో ఒకటి చెప్పినా 50 శాతం వస్తుంది.

కారణం కొంచెం ఆలోచిస్తే తెలుస్తుంది. చూపు తిప్పితే దొరికిపోతామని అబద్ధమాడేవాడికీ తెలుసు కాబట్టి పట్టుబట్టి కళ్ళలోకే చూస్తాడు. నిజం చెప్పేవాడికి ఆ ధ్యాసే ఉండదు. జరిగింది గుర్తు చేసుకునే పనిలో పడి కిటికీ వైపో, గోడ వైపో చూస్తాడు.

మాక్ ఇంటర్వ్యూల్లో దీన్ని దగ్గర నుంచి చూస్తుంటాను. "ఆ ప్రాజెక్టులో మీకు ఎదురైన పెద్ద సమస్య ఏమిటి?" అని అడగగానే అభ్యర్థి చూపు నా ముఖం మీంచి జారి టేబుల్ అంచు మీదికి వెళ్తుంది. "అంటే, మొదట్లో..." అంటూ రెండు మాటలు అక్కడే నడుస్తాయి. వాక్యం కుదురుకోగానే చూపు ఒక్క క్షణం నా వైపు వస్తుంది, నాకు అర్థమవుతోందో లేదో చూసుకోవడానికి. ఏదో తేదీ గుర్తు చేసుకోవాల్సి వస్తే మళ్ళీ పక్కకు పోతుంది. చెప్పాల్సింది అయిపోవచ్చేసరికి తిరిగి వచ్చి నా కళ్ళ దగ్గర ఆగుతుంది. ఇక మీరు మాట్లాడండి అని ఆ చూపుకి అర్థం. ఆడమ్ కెండన్ 1967లోనే సంభాషణలను రికార్డు చేసి ఈ వరసను వివరించాడు: మాట మొదలుపెట్టేటప్పుడు పక్కకు చూస్తాం, ముగించేటప్పుడు వినేవాళ్ళ వైపు చూస్తాం, మొత్తం మీద మాట్లాడేవాళ్ళ కంటే వినేవాళ్ళే ఎక్కువగా చూస్తారు.

ఆలోచించేటప్పుడు చూపు పక్కకు పోవడం లోపం కానే కాదు. మనిషి ముఖం నుంచి అందే సమాచారం చాలా ఎక్కువ. దాన్ని గమనిస్తూనే కష్టమైన జవాబు కూర్చుకోవాలంటే మెదడు మీద భారం పడుతుంది. గ్వినెత్ డోహర్టీ-స్నెడన్ సహపరిశోధకులతో కలిసి పిల్లల మీద చేసిన అధ్యయనాల్లో, ప్రశ్న కష్టమయ్యేకొద్దీ పిల్లలు చూపు ఎక్కువగా తిప్పుకున్నారు. ఆలోచించేటప్పుడు పక్కకు చూడమని అలవాటు చేస్తే ఐదేళ్ళ పిల్లలు మెరుగ్గా జవాబులు చెప్పారు. "నా వైపు చూసి చెప్పు" అని గద్దించే పెద్దవాళ్ళంతా తెలుసుకోవాల్సిన విషయమిది.

అపోహ: ఎంతసేపు చూస్తే అంత ఆత్మవిశ్వాసం

లండన్ సైన్స్ మ్యూజియంలో వందలమంది సందర్శకులతో జరిపిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. ఎదుటివాళ్ళ చూపు ఎంతసేపు నిలిస్తే ఇబ్బందిగా ఉండదని చూస్తే, సగటున 3.3 సెకన్లని తేలింది. ఈ అంకె చెప్పగానే కొందరు లోలోపల సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. దయచేసి ఆ పని చేయకండి, లెక్క మీద ధ్యాస పడితే మాట తడబడుతుంది. అదీగాక, మనతో ఏకీభవించని మనిషిని గుచ్చి గుచ్చి చూస్తే మన మాట చెవికెక్కదు. ఫ్రాన్సిస్ చెన్ బృందం 2013లో చేసిన ప్రయోగాల్లో, తమ అభిప్రాయానికి విరుద్ధంగా మాట్లాడుతున్న వక్త కళ్ళలోకి చూస్తూ విన్నవాళ్ళు తమ అభిప్రాయాన్ని మార్చుకున్నది తక్కువ.

అపోహ: 93 శాతం కమ్యూనికేషన్ మాటల్లో ఉండదు

మాటలకు 7, గొంతుకు 38, ముఖానికి 55 శాతం. ప్రతి ట్రైనింగ్ స్లైడులో కనిపించే ఈ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన రెండు చిన్న ప్రయోగాల నుంచి వచ్చింది. వాటిలో వినిపించినవి విడివిడి పదాలు మాత్రమే. పదం ఒకటి, స్వరం ఇంకొకటి చెబుతుంటే మాట్లాడేవాళ్ళకు ఎదుటి మనిషి మీద ఇష్టముందా లేదా అని జనం దేన్ని బట్టి అంచనా వేస్తారన్నదే ప్రశ్న. భావోద్వేగాల గురించి, ఇష్టాయిష్టాల గురించి మాట్లాడే సందర్భం కాకపోతే ఈ లెక్క వర్తించదని మెహ్రాబియనే స్పష్టం చేశాడు. ఏ మందు రోజుకు ఎన్నిసార్లు వేసుకోవాలో మాటల్లేకుండా ఎవరికైనా చెప్పి చూడండి, ఆ 93 శాతం ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది.

అపోహ: చేతులు కట్టుకుంటే మనసు మూసుకున్నట్టే

ఏసీ ఎక్కువై ఉండొచ్చు, కుర్చీకి చేతులు లేకపోవచ్చు, అలవాటై ఉండొచ్చు. రాన్ ఫ్రీడ్‌మన్, ఆండ్రూ ఎలియట్ 2008లో చేసిన ప్రయోగంలో, చేతులు కట్టుకున్నవాళ్ళు కష్టమైన పజిల్‌ని వదలకుండా ఎక్కువసేపు ప్రయత్నించారు.

అపోహ: రెండు నిమిషాల ‘పవర్ పోజ్’ హార్మోన్లను మారుస్తుంది

చేతులు, కాళ్ళు బాగా చాచి ఠీవిగా నిలబడడాన్నో కూర్చోవడాన్నో ‘పవర్ పోజ్’ అంటారు. అది హార్మోన్లను మారుస్తుందని 2010లో 42 మందితో చేసిన అధ్యయనం చెప్పింది. 2015లో ఎవా రానెహిల్ బృందం 200 మందితో చేసి చూస్తే హార్మోన్లలో మార్పు కనిపించలేదు, కొంచెం ధైర్యంగా అనిపించిందని మాత్రం పాల్గొన్నవాళ్ళు చెప్పారు. మొదటి అధ్యయనానికి ప్రధాన రచయిత్రి అయిన డేనా కార్నీ కూడా 2016లో, ఆ ప్రభావం నిజమని తాను ఇక నమ్మడం లేదని బహిరంగంగా ప్రకటించింది. ఆ ధైర్యం కోసమే ఇంటర్వ్యూకి ముందు కాసేపు నిటారుగా నిలబడతానంటే నాకేమీ అభ్యంతరం లేదు.

అపోహ: శిక్షణ పొందినవాళ్ళు చూడగానే కనిపెట్టేస్తారు

అమెరికా విమానాశ్రయాల్లో ప్రయాణికుల ప్రవర్తన చూసి అనుమానితులను గుర్తించడానికి ప్రత్యేకంగా అధికారులను పెట్టారు. ఆ పద్ధతి పనిచేస్తుందనడానికి సరైన ఆధారం లేదని, దానికిచ్చే నిధులను పరిమితం చేయాలని అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2013లో సిఫారసు చేసింది.

మరి దేహభాషను పట్టించుకోనక్కర్లేదా అంటే, కావాలి, కానీ తీర్పు చెప్పడానికి కాదు. అంతవరకు చేతులు ఆడిస్తూ హుషారుగా చెబుతున్న మనిషి ఒక ప్రశ్న దగ్గర బిగుసుకుపోతే అక్కడ ఏదో ఉంది. ఆ ఏదో భయం కావచ్చు, బాధ కావచ్చు, ప్రశ్న అర్థం కాకపోవడం కావచ్చు. "ఇంకోలా అడగమంటారా?" అంటే చాలాసార్లు వాళ్ళే చెప్పేస్తారు.

ఆటిజం ఉన్నవాళ్ళలో చాలామందికి కళ్ళలోకి చూడడమే పెద్ద బాధ. బలవంతంగా చూడాల్సి వస్తే ఎదుటివాళ్ళు చెప్పేది బుర్రకెక్కదని వాళ్ళే చెబుతారు. అందుకే ఇంటర్వ్యూ బోర్డులకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను మొదట అడిగేది స్కోరు షీట్. అందులో ‘ఐ కాంటాక్ట్’కు మార్కులుంటే ఆ గడిని కొట్టేయించి, ఆ మార్కులను జవాబులో ఉన్న విషయానికి కలపమంటాను.