మూడో తరగతి ఏ బడిలో?

2022 జులైలో బడులు తెరిచిన రోజుల్లో ఆంధ్రప్రదేశ్‌లోని చాలా ఊళ్లలో తల్లిదండ్రులు స్కూలు గేట్ల ముందు బైఠాయించారు. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఊరి బడి నుంచి తీసి హైస్కూల్లో కలపడమే కారణం.

ఈ కథ 2020 జాతీయ విద్యావిధానంతో మొదలైంది. బడి చదువును 10+2 ఏళ్లుగా విభజించే పాత పద్ధతిని అది 5+3+3+4గా మార్చింది. ఒకటి, రెండు తరగతులు అంగన్‌వాడీ చదువుతో కలిసి ఒక దశ, మూడు నుంచి ఐదు మరో దశ. అయితే ఇది పాఠ్యప్రణాళిక విభజనేననీ, భవనాల ఏర్పాటు మార్చనక్కర్లేదనీ ఆ విధానపత్రంలోనే ఉంది. ఈ వాక్యాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. రాష్ట్రం 2021లో 250 మీటర్లలోపు హైస్కూళ్లతో విలీనం మొదలుపెట్టి, మరుసటి ఏడు కిలోమీటరు దాకా తీసుకెళ్లింది. 2022 జూన్‌లో వచ్చిన జీవో 117 టీచర్ పోస్టుల లెక్కను కూడా అందుకు తగ్గట్టు మార్చింది.

మూడో తరగతి నుంచే సబ్జెక్టుకో టీచర్ ఉంటారన్నది ఉద్దేశం. ఐదు తరగతులను ఒకరిద్దరే లాక్కొచ్చే బడులను చూసినవాళ్లు దాన్ని తప్పుపట్టలేరు. కానీ చిన్నపిల్లలకు చెప్పడం ఎస్జీటీల, అంటే ప్రాథమిక బడి టీచర్ల పని, వాళ్ల డీఎడ్ శిక్షణా అందుకే. హైస్కూల్లో ఉండేది బీఎడ్ చేసిన స్కూల్ అసిస్టెంట్లు. ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఎడ్ అర్హత చాలదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. ఇటు ఊరి బడిలో రెండు తరగతులు, చాలాచోట్ల ఒక్క టీచరే మిగిలారు. ఆయన సెలవు పెడితే బడి సంగతేమిటి?

అడ్మిషన్ల దగ్గరే అసలు దెబ్బ తగిలింది. అక్క నాలుగుకు రోడ్డు దాటి హైస్కూలుకు, తమ్ముడు ఒకటికి ఊరి బడికి. ఇద్దరినీ దింపి కూలికి వెళ్లాల్సిన తల్లికి, ఇంటి ముందే ఆగే ప్రైవేటు స్కూలు వ్యాను తేలిగ్గా కనిపిస్తుంది. రెండేళ్లకే మారిపోయే బడిలో పిల్లవాణ్ని చేర్చడం ఎందుకనుకున్న ఇళ్లూ ఉన్నాయి. పిల్లలు తగ్గితే పోస్టు తగ్గుతుంది, పోస్టు తగ్గితే మళ్లీ పిల్లలు తగ్గుతారు.

2024లో ప్రభుత్వం మారాక జీవో 117ను తీసేస్తామన్నారు. 2025 మేలో కొత్త ఉత్తర్వులు వచ్చాయి. తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వాటిలో ముఖ్యమైనవి. అయితే వాటికి సరిపడా పిల్లలు కావాలి కాబట్టి, కొన్ని చిన్న బడుల్లోని మూడు, నాలుగు, ఐదు తరగతులను అక్కడికి తరలించారు. 2025 జూన్‌లో మళ్లీ కొన్ని ఊళ్లలో నిరసనలు జరిగాయి.