ఆఫ్‌స్క్రీన్ బిట్‌మ్యాప్: ఫ్లికర్ పోవాలంటే ముందు వదులుకోవాల్సిన అపోహలు

డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లో గ్రాఫులు, మ్యాపులు, డ్రాయింగులు చూపించే పనిలో ఉన్నవాళ్లందరికీ ఈ సలహా ఎప్పుడో ఒకప్పుడు అందే ఉంటుంది: "నేరుగా విండో మీద గీయకు, ముందు మెమరీలో ఒక బిట్‌మ్యాప్ మీద గీసి, అంతా అయ్యాక ఒకేసారి తెర మీదికి కాపీ చెయ్." మెమరీలోని ఆ బిట్‌మ్యాప్‌నే (పిక్సెళ్లతో చేసిన బొమ్మ) ఆఫ్‌స్క్రీన్ బిట్‌మ్యాప్ అంటారు. మళ్లీ గీసినప్పుడల్లా విండో మెరిసినట్టు కనబడే ఫ్లికర్ పోవడానికే ఈ సలహా ఇస్తారు. సలహా మంచిదే. కానీ దాన్ని మంత్రంలా వాడేవాళ్లే ఎక్కువ. కోడ్ రివ్యూల్లో నాకు పదే పదే ఎదురయ్యే అపోహలు ఇవి. ఎక్కువ ఉదాహరణలు విండోస్‌లో బొమ్మలు గీసే ఫంక్షన్ల సముదాయం జీడీఐ నుంచి, కొన్ని విండోలు, బటన్లు తయారుచేసే టూల్‌కిట్ క్యూట్ నుంచి.

అపోహ: ఆఫ్‌స్క్రీన్ బిట్‌మ్యాప్ పెట్టేస్తే ఫ్లికర్ దానంతటదే పోతుంది.

పోదు. బిట్‌మ్యాప్ పెట్టాక కూడా విండో మెరుస్తూనే ఉందని వచ్చేవాళ్లు చాలామంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. విండోలో ఒక భాగాన్ని మళ్లీ గీయాలని చెప్పే ఇన్‌వాలిడేట్‌రెక్ట్ ఫంక్షన్‌కు చివరి ఆర్గ్యుమెంట్ ట్రూ ఇస్తే, గీయడం మొదలుపెట్టడానికి బిగిన్‌పెయింట్ పిలిచినప్పుడు విండోస్ ముందుగా నేపథ్యం తుడవమనే డబ్ల్యూఎం ఎరేజ్‌బ్యాక్‌గ్రౌండ్ మెసేజ్ పంపుతుంది. విండో క్లాస్‌లో తెల్ల బ్రష్ ఉంటే ఆ భాగమంతా తెల్లగా పూసేస్తుంది. మీ బిట్‌మ్యాప్ కాపీ అయ్యేది ఆ తర్వాతే. ఆ తెలుపు, దాని మీద మీ బొమ్మ, మళ్లీ తెలుపు... కంటికి కనబడే ఫ్లికర్ ఇదే. బొమ్మను మెమరీలో ఎంత జాగ్రత్తగా గీసినా దీన్ని ఆపలేరు.

చేయాల్సిందల్లా ఆ మెసేజ్‌కు సున్నా కాని విలువ తిరిగిచ్చి, తుడిచే పని డిఫాల్ట్ ప్రొసీజర్‌కు వెళ్లకుండా ఆపడం. క్లాస్ రిజిస్టర్ చేసేటప్పుడే బ్యాక్‌గ్రౌండ్ బ్రష్‌ను నల్ చేసినా సరిపోతుంది. ఇక నుంచి నేపథ్యం పూసే బాధ్యత మీదే. బిట్‌మ్యాప్‌లో ప్రతి పిక్సెల్‌నూ మీరే నింపాలి.

విండోస్ 8 నుంచి డీడబ్ల్యూఎం (డెస్క్‌టాప్ విండో మేనేజర్) ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి ఇక ఫ్లికర్ సమస్యే లేదనే మాటా వింటుంటాను. విండోలను కలిపి తెర మీద పెట్టడం వరకే దాని పని. మీ ప్రోగ్రాం తుడవడానికీ గీయడానికీ మధ్యలో ఉన్నప్పుడు అది విండోను తీసుకుంటే, సగం గీసిన బొమ్మే తెర మీదికి వస్తుంది.

అపోహ: మెమరీ డీసీకి సరిపడే బిట్‌మ్యాప్ కావాలంటే ఆ మెమరీ డీసీనే ఇవ్వాలి.

డీసీ అంటే డివైస్ కాంటెక్స్ట్, జీడీఐ ఎక్కడ గీయాలో చెప్పేది. మెమరీ డీసీ అయితే తెర మీద కాకుండా మెమరీలోని బిట్‌మ్యాప్ మీద గీస్తుంది. ఈ అపోహ వినడానికి చాలా సబబుగా ఉంటుంది, అందుకే ఇంతమంది పడతారు. క్రియేట్‌కంపాటిబుల్‌డీసీ ఇచ్చే కొత్త డీసీలో మొదట ఉండేది ఒక పిక్సెల్ వెడల్పు, ఒక పిక్సెల్ ఎత్తు ఉన్న నలుపు తెలుపు బిట్‌మ్యాప్. క్రియేట్‌కంపాటిబుల్‌బిట్‌మ్యాప్‌కు ఆ డీసీనే ఇస్తే, అది దాన్ని చూసి మీకూ నలుపు తెలుపు బిట్‌మ్యాపే తయారుచేస్తుంది. ఎర్రర్ రాదు, క్రాష్ అవ్వదు, రంగులు మాత్రం పోతాయి. ఇవ్వాల్సింది తెర డీసీ, అంటే బిగిన్‌పెయింట్ నుంచి వచ్చింది. పిక్సెళ్ల మెమరీని మీ కోడ్ నేరుగా చదవాలీ రాయాలీ అంటే మాత్రం క్రియేట్‌డిబ్‌సెక్షన్ వాడండి.

అపోహ: మెమరీలో గీస్తే వేగం పెరుగుతుంది.

గీసే పని అంతే ఉంటుంది, పైగా ఒక కాపీ తోడవుతుంది. 1920 x 1080 తెరకు పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున 82,94,400 బైట్లు. సెకనుకు 60 సార్లు మొత్తం కాపీ చేస్తే దాదాపు 50 కోట్ల బైట్లు. 3840 x 2160 తెర అయితే దానికి నాలుగు రెట్లు.

వేగం వచ్చేది గీసినదాన్ని మళ్లీ గీయకుండా దాచుకున్నప్పుడు. ఒక చార్టులో 50,000 పాయింట్లు ఉన్నాయనుకుందాం. మౌస్ కదిలినప్పుడల్లా దాని వెంట ఒక నిలువు గీత, ఒక అడ్డ గీత కదలాలి. చార్టును బిట్‌మ్యాప్‌లో ఒకసారి గీసి ఉంచండి. మౌస్ కదిలితే పాత గీతలు, కొత్త గీతలు ఉన్న సన్నని పట్టీలను మాత్రమే ఇన్‌వాలిడేట్ చేసి, అక్కడికి బిట్‌మ్యాప్ నుంచి కాపీ చేసి, దాని మీద గీతలు వేయండి. 50,000 పాయింట్ల జోలికి వెళ్లాల్సింది డేటా మారినప్పుడు, జూమ్ చేసినప్పుడు, సైజు మారినప్పుడు మాత్రమే. ఆఫ్‌స్క్రీన్ బిట్‌మ్యాప్‌కు నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఫ్లికర్ కోసం కాదు, దీనికోసమే.

అపోహ: ఏ టూల్‌కిట్ అయినా మనమే డబుల్ బఫరింగ్ రాయాలి.

డబుల్ బఫరింగ్ అంటే మొదట్లో చెప్పిన పద్ధతే: మెమరీలో గీసి, ఒకేసారి తెర మీదికి కాపీ చేయడం. జావా స్వింగ్‌లో అది డిఫాల్ట్‌గా ఉంటుంది. క్యూట్‌లోనూ 4వ వెర్షన్ నుంచి విడ్జెట్లు (బటన్, లిస్టు లాంటి విండో భాగాలు) వాటంతటవే డబుల్ బఫర్ అవుతాయి. దాని మీద మీ క్యూపిక్స్‌మ్యాప్ (క్యూట్‌లో తెర మీద చూపడానికి వాడే బిట్‌మ్యాప్) కూడా పెడితే ఒకే బొమ్మ రెండుసార్లు కాపీ అవుతుంది. పైన చెప్పినట్టు దాచుకోవడానికైతే పెట్టండి, లేకపోతే వద్దు.

అపోహ: కొత్త బిట్‌మ్యాప్ ఖాళీగా ఉంటుంది.

క్యూట్‌లోని మరో రకం బిట్‌మ్యాప్ క్యూఇమేజ్‌ను సైజు, ఫార్మాట్ ఇచ్చి తయారుచేస్తే అందులో చెత్త విలువలు ఉండొచ్చు. క్యూపిక్స్‌మ్యాప్ కూడా అంతే. మీ మెషీన్‌లో నల్లగా కనిపించి, కస్టమర్ దగ్గర చుక్కలు చుక్కలుగా కనిపించే బగ్ ఇదే. ముందు ఫిల్ పిలవండి.

అపోహ: ప్రోగ్రాం మూసేస్తే విండోస్ అన్నీ తీసేస్తుంది కదా, డిలీట్ చేయకపోతే ఏం?

మూసేశాక నిజమే. మూసేలోపు సంగతేంటి? ఒక ప్రాసెస్‌కు జీడీఐ హ్యాండిళ్ల (బిట్‌మ్యాప్, బ్రష్ లాంటి ఒక్కోదానికి విండోస్ ఇచ్చే గుర్తుల) పరిమితి మామూలుగా 10,000. పెయింట్‌కు ఒక బిట్‌మ్యాప్ చొప్పున వదిలేస్తూ, సెకనుకు 60 సార్లు గీస్తుంటే మూడు నిమిషాలు కూడా పట్టదు. ఆ తర్వాత కొత్త బిట్‌మ్యాపులు, బ్రష్‌లు, ఫాంట్లు పుట్టవు. విండోలో కొన్ని భాగాలు గీయకుండానే మిగిలిపోతాయి.

ఇక్కడ అసలు చిక్కు వేరే ఉంది. డీసీలో సెలెక్ట్ అయి ఉన్న బిట్‌మ్యాప్‌ను డిలీట్‌ఆబ్జెక్ట్ తీసేయలేదు. కోడ్‌లో డిలీట్ లైన్ ఉంటుంది, చూసేవాళ్లకు అంతా బాగానే ఉందనిపిస్తుంది, హ్యాండిల్ మాత్రం మిగిలే ఉంటుంది. వరుస ఇదీ: సెలెక్ట్‌ఆబ్జెక్ట్ తిరిగిచ్చిన పాత బిట్‌మ్యాప్‌ను దాచుకోవాలి, పని అయ్యాక దాన్ని తిరిగి సెలెక్ట్ చేయాలి, ఆ తర్వాతే మీది డిలీట్ చేయాలి. టాస్క్ మేనేజర్ డీటెయిల్స్ ట్యాబ్‌లో జీడీఐ ఆబ్జెక్ట్స్ కాలమ్ ఆన్ చేసి, మీ విండోను అటూ ఇటూ సాగదీసి చూడండి. అంకె పెరుగుతూ పోతుంటే లీక్ ఉన్నట్టే. డిబగ్గర్ తెరవక్కర్లేదు.

అపోహ: మెమరీలోనే కదా గీసేది, ఏ థ్రెడ్ నుంచైనా గీయొచ్చు.

గీయలేం. థ్రెడ్ అంటే ప్రోగ్రాంలో మిగతా పనులతో సమాంతరంగా నడిచే పని. క్యూట్‌లో బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్‌లో గీయడానికి క్యూఇమేజ్ వాడాలి. క్యూపిక్స్‌మ్యాప్‌ను విండోలను నడిపే జీయూఐ థ్రెడ్‌కే వదిలేయండి. ఇమేజ్ పూర్తయ్యాక సిగ్నల్‌లో పంపితే చాలు, పిక్సెళ్లు కాపీ కావు.

అపోహ: విండో సైజెంతో బిట్‌మ్యాప్ సైజంతే.

150 శాతం స్కేలింగ్ ఉన్న తెర మీద, క్యూట్ 400 x 300 అని చెప్పే విడ్జెట్ నిజంగా 600 x 450 పిక్సెళ్లు. బిట్‌మ్యాప్ 400 x 300కే చేస్తే అక్షరాలు మసకబారతాయి. పెద్ద సైజులో చేసి, దానికి డివైస్ పిక్సెల్ రేషియో 1.5 అని చెప్పాలి. విండోను వేరే స్కేలింగ్ ఉన్న మానిటర్‌కు లాగితే దాచుకున్న బిట్‌మ్యాప్‌ను పారేసి మళ్లీ గీయాలి.

అపోహ: ఫాంట్ ఎత్తు తెలిస్తే లేబుల్ బిట్‌మ్యాప్ ఎత్తు తెలిసినట్టే.

ఇంగ్లిష్ లేబుళ్లతో ఇది చాలావరకు గడిచిపోతుంది. తెలుగు దగ్గర దొరికిపోతుంది. మీరు సెలెక్ట్ చేసిన ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేకపోతే విండోస్ నిర్మలా యూఐ లాంటి వేరే ఫాంట్ తెచ్చి గీస్తుంది. కానీ గెట్‌టెక్స్ట్‌మెట్రిక్స్ చెప్పే కొలతలు మీరు సెలెక్ట్ చేసిన ఫాంట్‌వి. విండో మీద నేరుగా గీసినప్పుడు కింద ఖాళీ ఉండటం వల్ల తేడా బయటపడదు. అదే లేబుల్‌ను బిట్‌మ్యాప్‌లో దాచుకుంటే "రాష్ట్రం"లో వత్తులు అడుగున తెగిపోతాయి. తెలుగు గ్లిఫులున్న ఫాంట్‌నే స్వయంగా సెలెక్ట్ చేయండి, దాని అసెంట్, డిసెంట్ (అక్షరాలు కూర్చునే గీతకు పైన, కింద ఉండే ఎత్తులు) రెండూ కలిపి ఎత్తు లెక్కించండి, పైనా కిందా రెండు మూడు పిక్సెళ్లు వదలండి. టెస్ట్ లేబుళ్లలో "స్త్రీ", "రాష్ట్రం", "వైశిష్ట్యం" తప్పకుండా పెట్టండి.