ఎనిమిదో నెల బిడ్డ, ఊపిరితిత్తుల్లో తలతన్యత

"ఏడో నెలలో పుట్టిన బిడ్డ బతుకుతుంది గానీ ఎనిమిదో నెలలో పుడితే బతకదంటారు, ఇందులో సైన్సు ఏమైనా ఉందా?" అని ఒక పాఠకురాలు అడిగారు. చెల్లెలికి 33వ వారంలో నొప్పులు మొదలయ్యాయట, ఇంట్లో పెద్దవాళ్లు ఈ మాట పట్టుకుని అప్పుడే ఆశ వదిలేసుకున్నారట. ఆవిడకి నా జవాబు: లేదు, ఇసుమంత కూడా లేదు. గ్రీకుల పాత వైద్య గ్రంథాల్లోనూ ఇదే నమ్మకం కనిపిస్తుంది, అంటే రెండు వేల ఏళ్లకు పైగా తల్లులు ఈ తప్పు లెక్కతో భయపడుతూనే ఉన్నారు. నెలలు నిండేదాకా కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. ఆ సంగతి ఊపిరితిత్తుల్ని చూస్తే బాగా అర్థమవుతుంది.

37 వారాలు నిండకుండా పుడితే నెలలు నిండని బిడ్డ అంటాం. 2020లో ప్రపంచం మొత్తమ్మీద ఇలా పుట్టినవాళ్లు సుమారు కోటీ 34 లక్షలు, అందులో 30 లక్షల మంది మన దేశంలోనే. బీపీ, ఇన్ఫెక్షన్, కవలలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి, వాటి జోలికి ఇప్పుడు పోను.

ఇంటర్ ఫిజిక్స్‌లో తలతన్యత పాఠం గుర్తుందా? ద్రవంలోని గాలి బుడగ లోపల అదనపు పీడనం 2టీ బై ఆర్. టీ అంటే తలతన్యత, అంటే ద్రవం పైపొర సాగదీసిన రబ్బరులా కుంచించుకుపోవాలని చూసే గుణం. ఆర్ అంటే వ్యాసార్ధం. ఎంసెట్ కోసం అందరం బట్టీ పట్టాం. మనం పీల్చే ప్రతి ఊపిరీ ఈ సూత్రంతో పెనుగులాడుతోందని క్లాసులో ఒక్క మాట చెప్పి ఉంటే ఎంతమందికి ఫిజిక్స్ మీద ప్రేమ పుట్టేదో!

ఊపిరితిత్తుల్లో గాలి చేరే బుల్లి సంచులైన వాయుగోణుల లోపలి గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. వ్యాసార్ధం 50 మైక్రాన్లు అనుకోండి. ఒంటి వేడి దగ్గర నీటి తలతన్యత మీటరుకు సుమారు 70 మిల్లీన్యూటన్లు. సూత్రంలో వేస్తే 2,800 పాస్కల్స్ వస్తుంది, అంటే దాదాపు 28 సెంటీమీటర్ల ఎత్తున నిలిచిన నీరు పెట్టే ఒత్తిడి. మామూలుగా ఊపిరి పీల్చేటప్పుడు మన కండరాలు పెట్టే జోరు అయిదారు సెంటీమీటర్లే. పైగా ఊపిరి వదిలేకొద్దీ ఆర్ తగ్గుతుంది, ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, ఆఖరికి వాయుగోణి మూసుకుపోతుంది. కడిగి ఆరేసిన పాల ప్యాకెట్ చూడండి, లోపల తడి ఉంటే రెండు పొరలూ అతుక్కుపోయి గోరుతో లాగినా ఓ పట్టాన రావు. లోపల కాస్త గాలి మిగిలి ఉంటే మాత్రం సులువుగా తెరుచుకుంటుంది. నెలలు నిండని బిడ్డ ప్రతి ఊపిరికీ అలా అతుక్కున్న లక్షల ప్యాకెట్లను కొత్తగా విడదీయాలి. డొక్కలు లోపలికి పోయి, ముక్కుపుటాలు అదిరి, కొన్ని గంటల్లో అలిసిపోతుంది.

మనకి ఈ బాధ లేకపోవడానికి కారణం సర్ఫాక్టెంట్. వాయుగోణుల్లోని టైప్ 2 కణాలు తయారుచేసే కొవ్వు పదార్థం ఇది, దాదాపు 90 శాతం లిపిడ్లు, మిగతావి ప్రోటీన్లు. ముఖ్యమైన అణువు డైపాల్మిటాయిల్ ఫాస్ఫటైడిల్ కోలిన్. తల నీటిలో, తోకలు గాలిలో పెట్టి తడి పొర మీద వరసగా నిలబడుతుంది. సబ్బు కూడా తలతన్యతను తగ్గిస్తుంది కదా అనొచ్చు. కానీ సబ్బు తగ్గించి ఊరుకుంటుంది. సర్ఫాక్టెంట్ అలా కాదు, ఊపిరి వదిలినప్పుడు ఉపరితలం కుంచించుకుపోయి ఈ అణువులు ఇరుక్కుని దగ్గరయ్యేకొద్దీ తలతన్యత మరింత పడిపోతూ సున్నాకి దగ్గరవుతుంది. ఆర్ తగ్గినప్పుడల్లా టీ కూడా తగ్గుతుందన్నమాట, సూత్రం నిలబడే ఉంటుంది, బుడగ మాత్రం కూలదు! ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఈ తయారీ దాదాపు 24వ వారం దగ్గర మొదలై, 34, 35 వారాలకి సరిపడా అవుతుంది. ఇక చెప్పండి, ఏడో నెలలో ఎక్కువుండి ఎనిమిదో నెలలో ఎలా తగ్గుతుంది?

సర్ఫాక్టెంట్‌ని కనుక్కున్నవాళ్లు మొదట పసిపిల్లల కోసం వెతకలేదు. 1950ల్లో ఇంగ్లాండులో ప్యాటిల్, అమెరికాలో క్లెమెంట్స్ అనే శాస్త్రవేత్తలు యుద్ధంలో వాడే విషవాయువుల పరిశోధనలో ఉండగా ఊపిరితిత్తుల నురగ, తలతన్యత వాళ్ల కంట పడ్డాయి. 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ కలిసి, ఊపిరాడక చనిపోయిన పసికందుల ఊపిరితిత్తుల్లో ఈ పదార్థమే కొరవడిందని చూపించారు. కారణం తెలిసింది గానీ మందు లేదు. 1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెనెడీ కొడుకు పాట్రిక్ అయిదున్నర వారాలు ముందుగా, 2.1 కిలోల బరువుతో పుట్టి, ఇదే జబ్బుతో 39 గంటలకే చనిపోయాడు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తీసిన సర్ఫాక్టెంట్‌ని పదిమంది పిల్లల శ్వాసనాళంలో పోసి ఫలితం చూపించింది. ఇప్పుడది చిన్న సీసాలో పాలలా తెల్లగా దొరుకుతుంది, కిలో బిడ్డకి రెండున్నర మిల్లీలీటర్లు పోసినా చాలు.

ఇంకోటి చెప్పాలి. ఇలాంటి పిల్లలు ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతారు. గొంతు సగం మూసి కాస్త గాలిని లోపలే ఆపుకోవడం అది, పాల ప్యాకెట్ పూర్తిగా అతుక్కోకుండా. ఆ మూలుగు వింటే దిష్టి తీసి ఊరుకోకండి, వెంటనే డాక్టరుకి చూపించండి. గాలిని అలా లోపల ఆపే పనిని బయటి నుంచి చేసే పరికరమే బబుల్ సీప్యాప్. ముక్కులో చిన్న గొట్టాలు, గాలి బయటికి పోయే పైపు కొస సీసాలోని నీటిలో అయిదు సెంటీమీటర్ల లోతున. అంతే, ఊపిరితిత్తుల్లో ఆ మేరకు ఒత్తిడి నిలుస్తుంది. సీసాలో బుడబుడలు ఆగితే ఎక్కడో గాలి కారుతోందని నర్సుకి తెలిసిపోతుంది.

పుట్టకముందే చేయగలిగింది కూడా ఉంది. న్యూజిలాండ్‌లో లిగిన్స్ అనే డాక్టరు గొర్రెల మీద ప్రయోగాలు చేస్తుంటే, బతకలేనంత ముందుగా పుట్టిన గొర్రెపిల్ల ఊపిరి పీలుస్తూ కనిపించింది. తను ఎక్కించిన స్టెరాయిడ్ దాని ఊపిరితిత్తుల్ని ముందే పండించింది. 1972లో ఆయనా, హౌవీ అనే పిల్లల డాక్టరూ కలిసి తల్లులకి ఇచ్చి ఇది పనిచేస్తుందని చూపించారు. మన దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ డెక్సామెథసోన్, 12 గంటలకోసారి 6 మిల్లీగ్రాములు, మొత్తం నాలుగు ఇంజెక్షన్లు. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి డోసు ఊళ్లో ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ఇవ్వొచ్చని 2014లోనే కేంద్ర ప్రభుత్వం చెప్పింది. కాన్పుకి కనీసం ఒక రోజు ముందు పడితే బాగా పనిచేస్తుంది. అందుకే 34 వారాల లోపు నొప్పులొచ్చినా, ఉమ్మనీరు కారినా "దొంగ నొప్పులేలే" అని తెల్లారేదాకా ఆగొద్దు. మొదటి స్కానింగ్ రిపోర్టు, ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) కూడా పట్టుకెళ్లండి, ఈ ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది ఎన్నో వారమన్న లెక్క మీదే ఆధారపడి ఉంటుంది.