ఎక్కాలు వస్తే గుణకారం వచ్చినట్టేనా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ పక్కన ఒక సర్కారు బడిలో మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెప్తాను. పేరెంట్స్ మీటింగ్ పెట్టిన ప్రతిసారీ మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "టీచర్, మా పిలగానికి ఎక్కాలు ఎందాక వచ్చినయ్?" గుణకారం వచ్చిందా అని మాత్రం ఎవరూ అడగరు. రెండూ ఒకటే అనుకుంటారు కాబట్టి.

అపోహ: ఎక్కాలు గడగడా అప్పజెప్తే గుణకారం వచ్చేసినట్టే.

"టూ వన్ జా టూ" అంటూ పదో ఎక్కం దాకా ఆగకుండా చదివే పిల్లను పిలిచి, 4 × 3కు బొమ్మ గీయమనండి. చాలామంది నాలుగు సున్నాలు చుట్టి, మధ్యలో గుణకారం గుర్తు పెట్టి, పక్కన మూడు సున్నాలు చుడతారు. కింద 12 అని రాస్తారు. జవాబు కరెక్టే, బొమ్మలో ఉన్నవి మాత్రం ఏడు. అలాగే మూడు బుట్టలు, బుట్టకు ఆరు సీతాఫలాలు, మొత్తం ఎన్ని అంటే తొమ్మిది అనేవాళ్లూ ఉంటారు. బుట్టలనూ పండ్లనూ కలిపేశారన్నమాట.

కూడికలో రెండు అంకెలదీ ఒకే పని: పండ్లకు పండ్లు కలుస్తాయి. గుణకారంలో ఒక అంకె గుంపులెన్నో చెబుతుంది, రెండోది ఒక్కో గుంపులో ఎన్ని ఉన్నాయో చెబుతుంది. ఇది పట్టుబడకపోతే ఇరవయ్యో ఎక్కం వచ్చినా, రాత లెక్క కనబడగానే "కూడాల్నా, గుణించాల్నా టీచర్?" అని మన మొహం చూస్తారు.

అపోహ: గుంపులు చేయడం వస్తే చాలు, అవి సమానమా కాదా అన్నది చిన్న విషయం.

అసలు విషయమే అది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలను ఒక్కొక్కటిగా కాంటా పెడతారు, ఎందుకంటే ఒక బస్తా ఉన్నంత బరువు ఇంకో బస్తా ఉండదు. యూరియాకు ఆ బాధ లేదు. బస్తాకు 45 కిలోలని పైనే అచ్చు వేసి ఉంటుంది, ఆరు బస్తాలంటే 270 కిలోలని కాంటా లేకుండానే చెప్పొచ్చు. (2018కి ముందు 50 కిలోల బస్తా ఉండేది. కొందరు తాతలు ఇంకా ఆ లెక్కే చెప్తారు, పిల్లలు వాళ్లను దిద్దడం చూస్తే ముచ్చటేస్తుంది.) నాలుగో తరగతిలో ఈ రెండూ పక్కపక్కన పెట్టి, దేన్ని గుణించొచ్చు, దేన్ని కూడక తప్పదు అని అడుగుతాను. మిర్చి, పత్తి వేసే ఇండ్ల పిల్లలు నాకన్నా బాగా వివరిస్తారు.

మూడో తరగతికి వామనగుంటల పీట చాలు. రెండు వైపులా ఏడేసి, మొత్తం 14 గుంటలు. గుంటకు ఐదు చింతగింజలు పోస్తే 70. ఒక గుంటలోని గింజలు తీసి వరసగా పంచగానే ఆట ఆపేసి, "ఇప్పుడు 14 × 5 అనొచ్చా?" అని అడుగుతాను. గింజ ఒక్కటీ పోలేదు, కానీ ఒక గుంట ఖాళీ అయింది, ఐదింట్లో ఆరేసి ఉన్నాయి, మిగిలిన ఎనిమిదింట్లో ఐదేసి. గుంటకు ఐదు అనే మాట ఇక చెల్లదు. కాసేపటికి ఎవరో ఒకరు ఐదు ఆరులు 30, ఎనిమిది ఐదులు 40 అని విడదీసి మళ్లీ 70 దగ్గరికి వస్తారు. అంటే సమానంగా ఉన్నవాటిని వెతికి పట్టుకున్నారు. మన వర్క్‌షీట్లలో అన్నీ సమాన గుంపుల బొమ్మలే ఇస్తాం. సమానం కానిది ఒక్కటీ చూడని పిల్లకు ఆ మాట ఎందుకు చెప్తున్నామో ఎలా తెలుస్తుంది?

అపోహ: లెక్కను తిప్పి రాస్తే తప్పు కొట్టాలి.

రోజుకు రెండు మాత్రల చొప్పున ఐదు రోజులు వేసుకోవడం వేరు, రోజుకు ఐదు చొప్పున రెండు రోజులు వేసుకోవడం వేరు. మొత్తం పదే అయినా డాక్టర్ ఒప్పుకోడు! అయినా సరే, పిల్ల 2 × 5కు బదులు 5 × 2 రాస్తే నేను కొట్టను. "ఇందులో రోజులేవి, మాత్రలేవి?" అని అడుగుతాను. చెప్తే మార్కు వేస్తాను. మొత్తం ఎందుకు మారదో చూపించడానికి మధ్యాహ్న భోజనం గుడ్లు వచ్చే ట్రే ఉంది. ఇటు చూస్తే ఐదు వరసలు, వరసకు ఆరు. ట్రేను పక్కకు తిప్పితే ఆరు వరసలు, వరసకు ఐదు. రెండు వైపుల నుంచీ 30.

అపోహ: గింజలతో, పుల్లలతో నేర్పితే పిల్లలు వాటికే అలవాటు పడతారు.

మనం మాన్పించకపోతే పడతారు. గింజల నుంచి బొమ్మకు, బొమ్మ నుంచి అంకెకు తేవాలి. 14 × 6 దగ్గర 84 గింజలు పేర్చక్కర్లేదు, పది ఆరులు 60, నాలుగు ఆరులు 24 అని విడదీస్తే సరి.

అపోహ: గుణిస్తే ఎప్పుడూ పెరుగుతుంది.

అర కిలో ప్యాకెట్లు ఎనిమిది కలిపితే నాలుగు కిలోలే. ఐదు ఖాళీ ప్లేట్లలో ఉండే ఇడ్లీలు సున్నా. చిన్న తరగతుల్లో మనమే "గుణిస్తే పెద్దదవుతుంది" అని చెప్పేసి, పై తరగతిలో భిన్నాలు చెప్పే టీచర్‌కు టెన్షన్ అంటగడతాం.

అపోహ: అర్థం చేసుకుంటే చాలు, ఎక్కాలు నేర్వక్కర్లేదు.

ఈమధ్య ఇదీ వింటున్నాను. ఒప్పుకోను. ప్రతి లెక్కకూ గుంపులు గీస్తూ కూర్చుంటే భాగహారం దాకా ఎప్పుడు వెళ్తారు? కాకపోతే భారం మనం భయపెట్టినంత లేదు. పది ఎక్కాల్లో 100 లెక్కలు. గుడ్ల ట్రే తిప్పినట్టు తిప్పితే ఒకటే అయ్యేవి తీసేస్తే 55. ఒకటి, రెండు, ఐదు, పది ఎక్కాలు పిల్లలకు తేలిగ్గానే వస్తాయి, వాటిలోవి పక్కన పెడితే మిగిలేవి 21. 7 × 8 దగ్గర నోరు ఆగిపోతే ఐదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16, కలిపి 56 అని కట్టుకోవచ్చు. ఇంట్లో అడిగేటప్పుడు మొదటి నుంచి అప్పజెప్పించకుండా, మధ్యలోంచి "ఆరు ఏడులు ఎన్ని?" అని అడగండి. "సిక్స్ వన్ జా" దగ్గర మొదలుపెడితే ఆ లెక్క ఇంకా రాలేదు. దాన్ని మాత్రం ఆ వారం పని కింద పెట్టుకోండి.