పెళ్లికి తెలుగు మంత్రం దొరికింది, చావుకు?

మా పెదనాన్న పిండాలూ తద్దినాలూ వద్దని రాసిపెట్టి పోయారు. విజయవాడ పటమటలో హాలు తీసుకుని సంస్మరణ సభ పెట్టాం. మైకు ఎవరు పట్టుకోవాలో తెలీక ఫొటోగ్రాఫర్‌తో వచ్చిన యాంకర్‌కే ఇచ్చాం. అతను ఇంటిపేరు రెండుసార్లు తప్పు చదివి, ‘మహోన్నత శిఖరం నేలకొరిగింది’ అన్నాడు. ఆయన ఆటోనగర్ లారీ ఆఫీసులో గుమాస్తా.

కర్మ వద్దనుకున్న ఇంట్లో ఆ పూట నడిపించే మనిషిని ఆస్ట్రేలియాలో సెలబ్రెంట్ అంటారు. 1973లో అక్కడి అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ, చర్చితో సంబంధం లేని మామూలు మనుషులకు పెళ్లిళ్లు జరిపించే అధికారం ఇచ్చాడు. వాళ్లనే జనం అంత్యక్రియలకూ పిలిచారు. పెళ్లి చేయించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి, శవపేటిక పక్కన మాట్లాడ్డానికి అక్కర్లేదు. వేరే ఉద్యోగం చేసి, యాభై దాటాక ఇటు వచ్చినవాళ్లు అక్కడ బోలెడుమంది.

మన దగ్గర పెళ్లి కథ ఇంకా పాతది. డబ్లిన్‌లో బారిస్టరు చదివి తెనాలి మునిసిపల్ చైర్మన్ అయిన త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహ విధి’ని తెలుగులో రాసి, పెళ్లిళ్లు తనే చేయించారు. వృక్షశాస్త్రం చెప్పే లెక్చరర్ గోరా ఉద్యోగం వదిలి 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో దాన్ని విజయవాడకు తెచ్చారు. మరుసటి ఏడే ఆయన కూతురి కులాంతర వివాహం గాంధీ ఆశ్రమం సేవాగ్రామ్‌లో జరిగింది. ఇద్దరూ నడివయసులో దారి మార్చినవాళ్లే. జనం నోట నిలిచింది మాత్రం పెళ్లిళ్ల సంగతే.

కారణం పెద్ద రహస్యమేం కాదు. పెళ్లి కోర్టులో నిలబడాలి. ఆస్తి, పిల్లలు, వారసత్వం దాని మీదే. అందుకే 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చింది. చావు దగ్గర 1969 జనన మరణాల చట్టం అడిగేది 21 రోజుల్లో నమోదు చేయించమనే. మంత్రం చదివారా లేదా దానికి పట్టదు. గొడవ లేనిచోట ఉద్యమం ఎందుకు పుడుతుంది?

అలాగని చావు దగ్గర నడిపించే మనిషి లేకపోలేదు. శైవుల ఇళ్లకు జంగందేవర, వైష్ణవం పట్టినవాళ్లకు సాతాని అయ్యవారు వచ్చేవారు. కమ్యూనిస్టుల ఇళ్లలో ఎర్రజెండా కప్పి, జోహార్లు చెప్పి, కృష్ణలంక స్వర్గపురి దాకా నడిచేవారు. దేహాన్ని మెడికల్ కాలేజీకి ఇచ్చేసిన ఇంట్లో ఆ నడక కూడా ఉండదు. అంబులెన్సు తలుపు పడుతుంది, అంతే. ఆ తర్వాతి ఖాళీలోకే, సభ నడిపించడానికి, రిటైరైనవాళ్లు వస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది గనక, ఆ రావడమూ ఆలస్యంగానే.

పెద్దమ్మ పోయినప్పుడు ఈసారి బ్యాంకులో రిటైరైన ఒకావిడను పిలిచాం. ముందురోజు వచ్చి వంటింట్లోనే పీట వేసుకుని కూర్చుంది. బిరుదులు, పదవులు ఏవీ అడగలేదు. ‘‘గోంగూరలో మీ అమ్మగారు ఎండుమిర్చి వేసేవారా, పచ్చిమిర్చా?’’ అంది. అక్కచెల్లెళ్లిద్దరూ చెరొకటి చెప్పి, వాదించుకుని, ఏడ్చారు. సభలో ఆవిడ ఆ వాదన చెప్పేసరికి వెనక బెంచీల్లో కూడా నవ్వు వినపడింది.

డబ్బు దగ్గరే చిక్కు. పెళ్లి పురోహితుడికైతే తాంబూలంలో పెట్టి ఇస్తాం. ఇక్కడ ఎలా ఇవ్వాలి, ఎంతివ్వాలి? ఆవిడా అడగలేదు. చావింట్లో వెళ్లొస్తానని అనకూడదు కదా, చెప్పులేసుకుని మాట్లాడకుండా మెట్లు దిగిపోయింది. కవరు నా జేబులోనే ఉంది.