ఎర్ర గౌను నీడలో ఫెనెల్లా ఫీల్డింగ్

2018 సెప్టెంబర్ 11న బ్రిటిష్ నటి ఫెనెల్లా ఫీల్డింగ్ లండన్‌లో చనిపోయింది. అప్పటికి ఆమెకు తొంభై ఏళ్లు. సంస్మరణ వ్యాసాలతో పాటు పత్రికలు ఎక్కువగా వేసిన ఫొటో 1966 నాటి హాస్య చిత్రం ‘క్యారీ ఆన్ స్క్రీమింగ్’లోది. ఒంటికి అతుక్కుపోయిన ఎర్ర వెల్వెట్ గౌనులో, పెద్ద పెద్ద కనురెప్పల వెంట్రుకలతో, సోఫా మీద వాలి ఉంటుంది. ఆ సినిమాలో ఆమె పాత్ర పేరు వలేరియా. పొగ తాగితే మీకేమీ అభ్యంతరం లేదు కదా అని ఎదుటి పోలీసును మర్యాదగా అడుగుతుంది. అతను ఔననీ కాదనీ తేల్చేలోపే ఆమె ఒళ్లంతా పొగలు కక్కుతుంది. చేతిలో సిగరెట్టూ ఉండదు, అగ్గిపుల్లా ఉండదు.

నార్వే నాటకకర్త ఇబ్సెన్ నాయికలుగా వేసిన నటి ఈమె. రష్యన్ రచయిత చెహోవ్ నాటకాలు ఆడింది. ఇటలీ దర్శకుడు ఫెలీనీ కబురు పంపాడు. అరవై ఏళ్లకు పైగా నటించింది. అయినా జనం నోట మిగిలింది ఆ పొగ సీనే. ప్రతిభ చాలకనో, అదృష్టం లేకనో ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో తక్కువ బడ్జెట్ సినిమా ఎలా తయారయ్యేదో, అందులో ఆడవాళ్లకు ఎంత చోటు దక్కేదో, డబ్బు ఎవరి జేబులోకి పోయేదో చూస్తేనే ఈ సంగతి అర్థమవుతుంది.

నవ్వునూ భయాన్నీ ఒకే కుండలో వండడం ఇంగ్లిష్ వాళ్లకు పాత అలవాటే. హాలీవుడ్‌లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసిన జేమ్స్ వేల్ ఇంగ్లండ్‌లోని డడ్లీ ఊరివాడు. 1932లో జె.బి. ప్రీస్ట్‌లీ నవల ఆధారంగా ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ తీశాడు. వాన రాత్రి, పాడుబడ్డ ఇల్లు, అందులో తలాతోకా లేని కుటుంబం. ఎక్కడ నవ్వాలో ఎక్కడ జడుసుకోవాలో తెలియనివ్వకుండా నడిపించాడు. 1935లో ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’కు లండన్ నటి ఎల్సా లాంచెస్టర్‌ను తీసుకున్నాడు. ఆమె అప్పటికి నైట్‌క్లబ్బుల్లో కొంటె పాటలు పాడి పేరు తెచ్చుకున్న మనిషి. రాక్షసుడి పెళ్లికూతురిగా తెర మీద కనిపించేది చివరి కొద్ది నిమిషాలే. ఒక్క మాటైనా మాట్లాడదు. లండన్ పార్కులో హంసలు కోపంతో బుసకొట్టడం చూసి ఆ బుసను పాత్రకు తెచ్చానని తర్వాత చెప్పింది. రెండుసార్లు ఆస్కార్ నామినేషన్ అందుకున్నా, 1986లో చనిపోయేదాకా ఆమెను ఆ నిట్టనిలువు జుట్టుతోనే గుర్తుపట్టారు. ఫెనెల్లాకు జరిగింది మొదటిసారి జరిగిందేమీ కాదన్నమాట.

ఫెనెల్లా 1927 నవంబర్ 17న తూర్పు లండన్‌లోని హాక్నీలో పుట్టింది. ఇంటిపేరు ఫెల్డ్‌మన్. తల్లి రొమేనియా నుంచి, తండ్రి లిథువేనియా నుంచి వచ్చిన యూదులు. తండ్రి కొన్నాళ్లు సినిమా హాలు మేనేజరుగా పనిచేసి, తర్వాత ఆడవాళ్ల లోదుస్తుల ఫ్యాక్టరీ నడిపాడు. అతను తనను పిడికిళ్లతో కొట్టేవాడని ఆమె పెద్దయ్యాక దాచకుండా చెప్పింది. నటన నేర్పే రాడా సంస్థలో స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చినా, ఇంట్లోవాళ్లు పడనివ్వక మధ్యలోనే మానేయాల్సి వచ్చింది. కులాసా దొరసానుల పాత్రలకు పెట్టింది పేరైన ఆ గొంతును చూసి, ఏ జమీందారీ మేడలోనో పెరిగిందనుకునేవారు జనం. ఆ గొంతు ఆమె సాధించుకున్నదే.

తర్వాత ఒక ఔత్సాహిక నాటకంలో నటుడు రాన్ మూడీతో కలిసి వేసింది. అతనే ఆమెను వృత్తిలోకి ప్రోత్సహించాడు. 1950ల లండన్‌లో పాటలూ స్కెచ్‌లూ కలిపిన ‘రెవ్యూ’లకు మంచి గిరాకీ. హాస్యనటులకు అదే బడి. 1958లో హామర్‌స్మిత్ లిరిక్ థియేటర్‌లో శాండీ విల్సన్ సంగీత నాటకం ‘వాల్మత్’లో మగపిచ్చి గల వృద్ధ దొరసాని లేడీ పార్‌వులా పాత్ర వేసి ఒక్కసారిగా అందరి కళ్లలో పడింది. మరుసటి ఏడు అపోలో థియేటర్‌లో ‘పీసెస్ ఆఫ్ ఎయిట్’ రెవ్యూ. స్కెచ్‌లు రాసినవాళ్లలో పీటర్ కుక్, హెరాల్డ్ పింటర్ ఉన్నారు. పక్కన హాస్యనటుడు కెనెత్ విలియమ్స్. ఒక రాత్రి స్కెచ్ మధ్యలో ఫెనెల్లా అప్పటికప్పుడు ఒక మాట చేర్చింది. జనం నవ్వారు, విలియమ్స్‌కు మండిపోయింది. ఆ తర్వాత ఇద్దరికీ పడలేదు. ఏడేళ్ల తర్వాత ‘క్యారీ ఆన్ స్క్రీమింగ్’లో ఈ ఇద్దరినే తెర మీద అన్నాచెల్లెళ్లుగా పెట్టారు!

ఆ లోపు బ్రిటిష్ సినిమాలో రెండు కార్ఖానాలు లేచాయి. ఒకటి భయానక చిత్రాలకు పేరుపడ్డ హామర్ కంపెనీ. 1951లో బ్రిటిష్ సెన్సార్ ‘ఎక్స్’ సర్టిఫికెట్ తెచ్చింది. పదహారు నిండనివాళ్లు అలాంటి సినిమాకు రాకూడదు. మిగతావాళ్లకు మచ్చగా తోచిన ఆ అక్షరాన్ని హామర్ వాళ్లు ప్రకటనగా మార్చుకున్నారు. 1957లో ‘ది కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’, 1958లో ‘డ్రాక్యులా’. థేమ్స్ ఒడ్డున బ్రే దగ్గర ఒక పాత బంగళాను స్టూడియోగా చేసుకుని, అదే మెట్లు, అదే హాలు మళ్లీ మళ్లీ రంగు మార్చి తీశారు. రెండోది క్యారీ ఆన్ అనే హాస్య చిత్రాల వరుస. అదే 1958లో పైన్‌వుడ్ స్టూడియోలో నిర్మాత పీటర్ రోజర్స్, దర్శకుడు జెరాల్డ్ థామస్ ‘క్యారీ ఆన్ సార్జెంట్’తో మొదలుపెట్టారు. 1978 దాకా ముప్ఫై సినిమాలు తీశారు, 1992లో మరొకటి. ఒక్కొక్కటీ కొద్ది వారాల్లో పూర్తి. నటీనటులు చాలామటుకు అదే జట్టు.

రెండూ లండన్‌కు దగ్గర్లోనే ఉండడంతో నటులు పగలు షూటింగు, రాత్రి నాటకం చేసుకోగలిగేవారు. అందుకే ఒకే మనుషులు అటూ ఇటూ తిరిగారు. వలేరీ లియోన్ ఆరు క్యారీ ఆన్‌లు చేసింది, మధ్యలో 1971లో హామర్ మమ్మీ సినిమాలో నాయిక అయింది. మాడెలిన్ స్మిత్ హామర్ పిశాచాల మధ్య నుంచి ‘క్యారీ ఆన్ మేట్రన్’కు వచ్చింది. అయితే హామర్‌లో ఆడదానికి పని అరవడం, మెడ చాపడం. బార్బరా షెల్లీ లాంటి ఒకరిద్దరే ఆ గీత దాటి నిజంగా నటించగలిగారు. క్యారీ ఆన్‌లో గయ్యాళి భార్య, కండల నర్సు, లేదా మగవాళ్లు నోరెళ్లబెట్టి చూసే అందగత్తె. ఇంతకు మించి రాసేవాళ్లకు తోచలేదు.

ఫెనెల్లా క్యారీ ఆన్‌లో మొదట కనిపించింది 1961 నాటి ‘క్యారీ ఆన్ రిగార్డ్‌లెస్’లో. భర్తను ఉడికించడానికి పిల్లవాణ్ణి చూసుకునే నెపంతో మనిషిని పిలిపించుకునే ఇల్లాలు. చిన్న పాత్రే. భయం వైపు నుంచి పిలుపు 1963లో వచ్చింది. అమెరికాలో గిమ్మిక్కులకు పేరుమోసిన విలియం క్యాసిల్, హామర్‌తో కలిసి ‘ది ఓల్డ్ డార్క్ హౌస్’ను మళ్లీ తీశాడు. రాబర్ట్ మోర్లీ, జాయిస్ గ్రెన్‌ఫెల్ లాంటి ఉద్దండులు ఉన్నారు. ఫెనెల్లా పాత్ర పేరు మోర్గానా. సినిమా వేల్ తీసినదాని కాలిగోటికి చాలదు. భయమూ పూర్తిగా లేదు, నవ్వూ పూర్తిగా లేదు. బ్రిటన్‌లో విడుదలయ్యేసరికి 1966 వచ్చింది. కానీ అందులో మోర్గానా నడక చూస్తే వలేరియా ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

1966 జనవరి, ఫిబ్రవరి నెలల్లో పైన్‌వుడ్‌లో ‘స్క్రీమింగ్’ షూటింగ్ జరిగింది. రచన టాల్బట్ రోత్‌వెల్. హామర్ సినిమాలకు పేరడీ. అడవి పక్క మేడలో చచ్చి బతికిన శాస్త్రవేత్త వాట్, అతని చెల్లెలు వలేరియా కలిసి అమ్మాయిల్ని ఎత్తుకొచ్చి, కరిగించిన ద్రవంలో ముంచి, దుకాణాల్లో పెట్టే బొమ్మలుగా మార్చి అమ్ముతుంటారు. పట్టుకోవడానికి వచ్చిన సార్జెంట్ బంగ్ వలేరియా మాయలో పడతాడు. ఈ పాత్ర హ్యారీ హెచ్. కార్బెట్ వేశాడు. అసలు హామర్ సినిమాకు వెళ్లలేని పిల్లలు పెద్దవాళ్ల వేలు పట్టుకుని దీనికి వెళ్లొచ్చు, ఎందుకంటే దీనికొచ్చింది ‘ఎ’ సర్టిఫికెట్. అప్పటి బ్రిటన్‌లో ‘ఎ’ అంటే పెద్దలకు మాత్రమే అని కాదు, పెద్దవాళ్లు వెంట ఉంటే పిల్లలూ చూడొచ్చని. ఒక తరం బ్రిటిష్ పిల్లలకు పిశాచాల కొంప ఎలా ఉంటుందో మొదట చూపించింది ఈ హాస్య చిత్రమే.

గౌను ఎంత బిగుతంటే ఆమె మామూలుగా కూర్చోలేకపోయింది. షాట్ల మధ్య ఒక వాలుబల్లకు ఆనుకుని నిలబడేది. ఆ ఇరుకే నటనలోకి వచ్చింది. అడుగు చిన్నది, మెడ నిటారు, కదలిక అంతా కళ్లలోనూ గొంతులోనూ. చుట్టూ అందరూ కళ్లు తిప్పుతూ, తడబడుతూ, అరుస్తూ ఉంటే ఆమె ఒక్కతే నిజమైన హామర్ సినిమాలో ఉన్నంత గంభీరంగా ఉంటుంది. పేరడీలో ఎవరో ఒకరు అసలుదాన్ని నమ్మి చెయ్యాలి, లేకపోతే వెక్కిరింపు నిలవదు. నా లెక్కన ఆ సినిమా ఇవాళ్టికీ చూడగలిగేలా ఉండడానికి కారణం అదే.

ఇక డబ్బు సంగతి. క్యారీ ఆన్‌లో ప్రధాన హాస్యనటులకు సినిమాకు సుమారు 5,000 పౌండ్లు ఇచ్చేవారు. ప్రధాన నటీమణులకు అందులో సగం, 2,500. ఇరవై నాలుగు సినిమాల్లో వేసిన జోన్ సిమ్స్‌కూ అంతే. సినిమాలు బాగా ఆడినా ఆ రేట్లు ఏళ్ల తరబడి కదల్లేదు. లాభాల్లో వాటా లేదు. ఆ తర్వాత టీవీలో ఎన్నిసార్లు వేసినా నటులకు దక్కిందేమీ లేదు. మనకు పండగపూట పాత పౌరాణికాలు వేసినట్టు బ్రిటిష్ టీవీ సెలవు రోజుల మధ్యాహ్నాల్లో క్యారీ ఆన్‌లు వేస్తూనే ఉంది. సినిమాలు హక్కుల కంపెనీల ఆస్తి అయ్యాయి, చేతులు మారాయి. వేసిన ప్రతిసారీ మొహం మాత్రం నటులదే. ముందు చేసిన పనినీ తర్వాత చేసిన పనినీ ఆ మొహమే కప్పేసింది.

ఫెనెల్లా ఆ ఉచ్చును పసిగట్టింది. ఆ తర్వాత క్యారీ ఆన్ నుంచి అవకాశాలు వచ్చినా ఒప్పుకోలేదు. ఒకే మూసలో పోస్తారని భయం. మొత్తం ముప్ఫై ఒక్క సినిమాల్లో ఆమె వేసింది రెండే. హాటీ జాక్స్ పద్నాలుగింటిలో, బార్బరా విండ్సర్ తొమ్మిదింటిలో వేశారు. చిత్రమేమిటంటే జట్టు మనిషి కాకపోయినా, క్యారీ ఆన్ అనగానే గుర్తొచ్చే నాలుగైదు మొహాల్లో ఆమెదీ ఒకటి.

1969లో లెస్టర్ ఫీనిక్స్ థియేటర్‌లో ఇబ్సెన్ ‘హెడ్డా గేబ్లర్’ వేసింది. విమర్శకులు ఆకాశానికెత్తారు. మరుసటి ఏడు నోరాగా ఇబ్సెన్‌దే ‘ఎ డాల్స్ హౌస్’. ఆ రెండు పాత్రల్నీ ఏడాది వ్యవధిలో మోయగల నటి ఏ దేశంలోనైనా అరుదు. కానీ నాటకం ఆడిన రాత్రితో పోతుంది. లెస్టర్‌లో ఆ హెడ్డాను చూసినవాళ్లు కొన్ని వేల మంది ఉంటారేమో. వలేరియాను కోట్ల మంది చూశారు. ఫెలీనీ తన సినిమాలో వెయ్యమని అడిగితే, చిచెస్టర్ నాటకోత్సవానికి మాటిచ్చానని వదులుకుంది. ఈ సంగతి ఆమే చెప్పింది. మాటకు కట్టుబడడం గొప్పే గానీ, ఆ ఒక్కసారి తప్పి ఉంటే పత్రికలకు వేసుకోడానికి ఇంకో ఫొటో ఉండేది.

సినిమా వాళ్లు ఆమె మనిషిని వదిలి గొంతును వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1967లో వచ్చిన టీవీ సీరియల్ ‘ది ప్రిజనర్’లో, ఖైదీలకు లౌడ్‌స్పీకర్లలో తియ్యగా శుభోదయం చెప్పే ఆడగొంతు ఆమెదే. టైటిల్స్‌లో పేరు వెయ్యలేదు. పిల్లల కార్టూన్ ‘డూగల్ అండ్ ద బ్లూ క్యాట్’ ఇంగ్లిష్ రూపంలో దుష్ట నీలి గొంతూ ఆమెదే. వినిపిస్తే చాలు ఒళ్లు జలదరించే ఆ ఆకర్షణే వాళ్లకు కావలసింది.

1970ల్లో రెండు కార్ఖానాలూ కుంగిపోయాయి. అమెరికా డబ్బు వెనక్కి పోయింది, హాళ్లు మూతపడ్డాయి. నిలబడడానికి ఇద్దరూ ఒకే దారి పట్టారు, బట్టలు విప్పించడం. ‘ది వాంపైర్ లవర్స్’తో 1970లోనే హామర్ ఆ గేటు తెరిచింది. క్యారీ ఆన్ 1978లో ‘ఎమాన్యుయెల్’ అనే శృంగార చిత్రానికి పేరడీ తీసేదాకా దిగజారింది. మెడ దాకా బొత్తాలు పెట్టుకుని కూడా చూపుతో పని జరిపించగల నటికి ఆ కాలంలో తెర మీద పనేముంటుంది? ఫెనెల్లా నాటకాలకూ రేడియోకూ మళ్లింది. మధ్యలో పనిలేని ఏళ్లూ గడిచాయి. 1990ల మొదట్లో ‘అంకుల్ జాక్’ అనే పిల్లల టీవీ సీరియల్‌లో విలన్‌గా ఒక కొత్త తరానికి పరిచయమైంది. 1999లో ‘గెస్ట్ హౌస్ పారడీసో’లో చిన్న పాత్ర.

ఎనభై దగ్గరపడ్డాక మళ్లీ గొంతే ఆమెకు పని తెచ్చింది. ఒక చిన్న సంస్థ కోసం పాప్ పాటలు తన ధోరణిలో పాడి రికార్డు చేసింది, టి.ఎస్. ఎలియట్ కవితలు చదివింది. 2017లో ఆత్మకథ వచ్చింది. దానికి శీర్షికగా పెట్టుకున్నది వలేరియా అడిగిన ఆ ప్రశ్ననే. పొమ్మన్నా పోని పాత్రను చివరికి తన పుస్తకం అమ్మిపెట్టే పనికి కుదుర్చుకుంది. అందులోని భాగాలు చదివి వినిపిస్తూ తొంభయ్యో ఏట కూడా వేదికలెక్కింది. 2018 జూన్‌లో, చనిపోవడానికి మూడు నెలల ముందు, నాటక రంగానికీ ధార్మిక పనులకూ చేసిన సేవకు గాను రాణి పేరిట ఓబీఈ అనే గౌరవ పురస్కారం ప్రకటించారు.